బీజెడ్‌సీ చదివి బీఈడీకి వెళ్తున్నారా? మెథడాలజీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు ఎలా దరఖాస్తు చేయాలో రాయమని డిగ్రీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివిన మా పూర్వ విద్యార్థులు చాలా రోజులుగా అడుగుతున్నారు. రాస్తాను. ముందు మెథడాలజీ, అంటే బీఈడీలో ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటారో అది, దాని దగ్గర దెబ్బతిన్న ఒక మెమో సంగతి చెప్పాలి.

2024 అక్టోబరు. తెలంగాణలో ప్రభుత్వ టీచర్లను తీసుకునే డీఎస్సీలో 11,062 పోస్టులకు పరీక్ష అయిపోయి, ఒక్కో పోస్టుకు ముగ్గురిని పిలిచి సర్టిఫికెట్లు చూస్తున్న రోజులు. మా హైస్కూల్లో పదో తరగతి చదివిన అమ్మాయి ఫోన్ చేసి, "సార్, ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది" అంటే తోడు వెళ్లాను. ఫైలు ముచ్చటగా సర్దుకుంది. ఒక్కో కాగితం ఒక్కో ప్లాస్టిక్ కవర్లో, పక్కనే రెండు సెట్ల జిరాక్సులు. టెన్త్, ఇంటర్, డిగ్రీ దాకా పేజీలు చకచకా తిరిగాయి. బీఈడీ మెమో దగ్గర పరిశీలిస్తున్న అధికారి వేలు ఆగింది.

"పోస్టు బయలాజికల్ సైన్స్. డిగ్రీ బీజెడ్‌సీ. మరి బీఈడీలో ఫిజికల్ సైన్స్ ఏంటమ్మా?"

"డిగ్రీలో కెమిస్ట్రీ ఉంది సార్, అందుకని సీటు ఇచ్చారు."

"సీటైతే ఇచ్చారు. పోస్టుకు పనికిరావాలి కదా."

ఆయన విసుక్కోలేదు, మర్యాదగానే చెప్పారు. మెమో తిరిగి కవర్లో పెడుతుంటే ఆ పిల్ల చేతులు మాత్రం వణికాయి. ఇది రాయడానికి కారణం అదే.

ఇక విషయానికి వద్దాం. రెండేళ్ల బీఈడీలో చేరాలంటే తెలంగాణలో ఎడ్‌సెట్ రాయాలి. ఒకప్పటి టీఎస్ ఎడ్‌సెటే ఇప్పుడు టీజీ ఎడ్‌సెట్. ఉన్నత విద్యామండలి తరఫున ఒక విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తుంది. డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ వర్గాలకు 40 చాలు. ఫైనలియర్‌లో ఉన్నా రాయొచ్చు. కానీ కౌన్సెలింగ్ నాటికి డిగ్రీ పూర్తిగా పాసై ఉండాలి. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా ర్యాంకు వృథా.

ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. ఫీజు కట్టడం, ఫొటో, సంతకం ఎక్కించడం, వివరాలు కొట్టడం, అంతే. పేరు మాత్రం టెన్త్ మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. నెట్ సెంటరు అతని నంబరు ఇచ్చారంటే ఓటీపీలన్నీ అతనికే పోతాయి. ఆ తర్వాత మీ ఆప్షన్లు మీ చేతిలో ఉండవు.

పరీక్ష 150 మార్కులకు, రెండు గంటలు. మూడేళ్లు బోటనీ, జువాలజీ చదివినవాళ్లు ఇందులో బయాలజీ ఎంతుందో చూసి బిత్తరపోతారు. పది మార్కులు. గణితం 20, సైన్స్ 20 (అందులో సగం ఫిజికల్, సగం బయాలజీ), సాంఘికం 20, బోధనా సామర్థ్యం 20, ఇంగ్లిష్ 20, జనరల్ నాలెడ్జ్, విద్యా సంబంధ అంశాలు 30, కంప్యూటర్ 20. సబ్జెక్టు ప్రశ్నలు పదో తరగతి స్థాయి దాటవు కాబట్టి డిగ్రీ పుస్తకాలు పక్కన పెట్టి స్కూలు పుస్తకాలు తిరగేయండి. ఆంధ్రప్రదేశ్ ఎడ్‌సెట్ రాసేవాళ్ల లెక్క వేరు. అక్కడ 100 మార్కులు మెథడాలజీ సబ్జెక్టువే. బయాలజీ వాళ్లకు బోటనీ 50, జువాలజీ 50. హైదరాబాద్ కోచింగ్ నోట్సు కొని ఏపీ పరీక్షకు చదివేవాళ్లను చూశాను. వద్దు.

ఇక్కడి దాకా ఎవరూ పెద్దగా తప్పు చేయరు. తప్పు జరిగేది ర్యాంకు వచ్చాక, వెబ్ ఆప్షన్ల దగ్గర.

కౌన్సెలింగ్‌కు రిజిస్టరై, సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఎక్కిస్తే వాటిని పరిశీలించి అర్హుల జాబితా పెడతారు. ఆ తర్వాత ఆప్షన్లు. కాలేజీ పేరు పక్కనే మెథడాలజీ కూడా ఉంటుంది. అంటే మీరు ఎంచుకునేది ఒక్క కాలేజీని కాదు, రేపు ఏ సబ్జెక్టు టీచరు అవుతారో కూడా అక్కడే తేలిపోతుంది.

బీజెడ్‌సీ వాళ్లకు తెర మీద రెండు దారులు కనిపిస్తాయి. బయలాజికల్ సైన్సెస్ ఎలాగూ ఉంటుంది. కెమిస్ట్రీ చదివారు కాబట్టి ఫిజికల్ సైన్సెస్ కూడా తెరుచుకుంటుంది. డిగ్రీలో ఫిజిక్స్ గానీ కెమిస్ట్రీ గానీ ఉంటే ఎడ్‌సెట్ ఒప్పుకుంటుంది. డీఎస్సీ అంత తేలిగ్గా ఒప్పుకోదు. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు రెండు తాళాలుంటాయి: డిగ్రీలో ఆ కోవకు చెందిన సబ్జెక్టులు రెండు ఉండాలి, బీఈడీలో అదే మెథడాలజీ ఉండాలి. బీజెడ్‌సీ చదివి ఫిజికల్ సైన్స్ మెథడాలజీ చేసినవాళ్ల పరిస్థితి చూడండి. ఫిజికల్ సైన్స్ పోస్టుకు వెళ్తే డిగ్రీలో కెమిస్ట్రీ ఒక్కటే, ఫిజిక్స్ లేదు. బయాలజీ పోస్టుకు వెళ్తే డిగ్రీ సరిపోతుంది, బీఈడీ సరిపోదు. రెండు తలుపులూ మూసుకుంటాయి. నేను తోడు వెళ్లిన ఆ అమ్మాయికి జరిగింది ఇదే. ఊరికి దగ్గరి కాలేజీలో ఫిజికల్ సైన్స్ సీటు గ్యారంటీ అని నెట్ సెంటర్లో ఎవరో చెప్పి ఆ ఆప్షన్ పైన పెట్టించారు. ఇరవై కిలోమీటర్ల బస్సు ప్రయాణం తప్పింది, ఉద్యోగం కూడా తప్పింది.

కొత్త కాంబినేషన్లు చదివినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ లాంటివి కలిపి చదివిన పిల్లలు ఇప్పుడు చాలామంది. మీ డిగ్రీ మెమో ముందు పెట్టుకుని, గత డీఎస్సీ నోటిఫికేషన్లో బయలాజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్ అర్హతల పేరా తీసి, అందులోని సబ్జెక్టుల జాబితాలో మీవి రెండు ఉన్నాయో లేదో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోండి. ఎడ్‌సెట్ బ్రోచర్ చూడటం కాదు, డీఎస్సీ నోటిఫికేషన్ చూడాలి. అరగంట పని. ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.

"రెండో మెథడాలజీ ఉంటుందిగా, అందులో బయాలజీ ఇస్తాం" అని కాలేజీలో అనొచ్చు. ఏ జోడీ ఇస్తారు, మెమోలో ఏం అచ్చవుతుంది అన్నది చేరకముందే అడగండి. కిందటేడు పాసైనవాళ్ల మెమో ఒకటి చూపించమనండి. "చేరాక మార్పిస్తాం, ఇంత ఖర్చవుతుంది" అనే మనిషి తగిలితే ఆ ఖర్చే పెట్టకండి. అలాట్‌మెంట్ ఆర్డర్ రాగానే అందరూ కాలేజీ పేరు చూసి మురిసిపోతారు. ముందు మెథడాలజీ పేరు చూడండి. తేడా ఉంటే కంగారు పడొద్దు. రెండో విడత ఉంటుంది, మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు.

సర్టిఫికెట్లలో మిగతావి మామూలే: టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, కులం, ఆదాయం, ఆధార్. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయ పత్రం కొత్తది తీసుకోండి, పాతది పనికిరాదు. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే. స్టడీ సర్టిఫికెట్లు తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా కావాలి: హైస్కూలు రెండేళ్లు, ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు, మొత్తం ఏడు. డీఎస్సీకి ఈ ఏడు వేరు. అక్కడ లోకల్ జిల్లా తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదువు. ఇందులో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే ఆ జిల్లా లోకల్. పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే కాబట్టి ఇది చిన్న కాగితం కాదు. మీరు రెండో తరగతి చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే, దాని రికార్డులు ఎక్కడున్నాయో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో బీఈడీ చదువుతుండగానే కనుక్కోండి. నోటిఫికేషన్ పడ్డాక ఆ ఆఫీసు ముందు క్యూ చూస్తే తెలుస్తుంది ఎందుకు చెబుతున్నానో.

హాజరు అక్కర్లేని బీఈడీ, పక్క రాష్ట్రం కాలేజీ, పరీక్షలకు మాత్రం రండి చాలు అని వాట్సాప్‌లో తిరిగే ప్రకటనల గురించి ఒక్క మాట. బీఈడీలో స్కూలు ఇంటర్న్‌షిప్పే 20 వారాలు: మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. అవి చేయకుండా వచ్చిన మెమో చేతిలో ఉన్నా, తొమ్మిదో తరగతి గదిలో మైక్రోస్కోప్ కింద ఉల్లిపొర పెట్టి నలభై మందికి చూపించాల్సి వచ్చిన రోజు ఏం చేస్తారు? ఏ కాలేజీ అయినా ముందు బీఈడీ కాలేజీలకు గుర్తింపునిచ్చే ఎన్‌సీటీఈ వెబ్‌సైట్లో గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

ఇంకో భ్రమ కూడా వదులుకోవాలి. బీఈడీ చేస్తే సెకండరీ గ్రేడ్ పోస్టుకైనా వెళ్లొచ్చని ఇంకా అనుకునేవాళ్లున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. ప్రాథమిక తరగతులకు డీఈడీయే. మీకు మిగిలింది టీచరు అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 2, ఆపై స్కూల్ అసిస్టెంట్ పోస్టు. టెట్‌లో 150కి జనరల్ వాళ్లకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. పాసవడంతో ఆగకండి, డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్ పేపర్ 2లో గణితం 30 మార్కులకు ఉంటుంది. బైపీసీ తీసుకున్న రోజు లెక్కల పీడ విరగడైందని పండగ చేసుకున్నవాళ్లం మనం. అది మళ్లీ ఇక్కడ ఎదురవుతుంది. బీఈడీ మొదటి ఏడాది నుంచే ఏడో తరగతి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టండి.

ఆ రోజు చేతులు వణికిన అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతోంది. కిందటి కౌన్సెలింగ్‌లో వాళ్ల చెల్లెలికి బీఈడీ ఆప్షన్లు తనే దగ్గరుండి పెట్టించింది. ఆప్షన్లు ఖరారు చేసే ఫ్రీజ్ నొక్కే ముందు జాబితా ఫొటో తీసి నాకు పంపింది. పద్నాలుగు కాలేజీలు, పద్నాలుగింటి పక్కనా బయలాజికల్ సైన్సెస్.