పాత కోత మిషన్: తాడు లాగే ముందు

చెట్లు, కట్టెలు కోసే పాత కోత మిషన్ (చైన్ సా) చేతికొచ్చిన రోజు ఎవరైనా చేసే మొదటి పని, పెట్రోలు పోసి తాడు లాగడం. నేనూ అదే చేశాను. మూతబడిన సామిల్లు ఒకటి సామాన్లు అమ్ముకుంటుంటే స్టిల్ 070 కొనుక్కొచ్చాను. 106 సీసీ, ఎత్తితే నడుం పట్టేసే బరువు. మూడో లాగుకే అందుకుంది. వీధి పిల్లలంతా చుట్టూ చేరారు. నేను ఫుల్ రేజ్ ఇచ్చి నవ్వుతూ నిలబడ్డాను. శబ్దం సన్నబడుతూ కీచుమని పైకిపోయి, నిమిషం తిరక్కముందే ఠక్కున ఆగింది. మళ్లీ తాడు కదిలితే ఒట్టు.

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఒకప్పుడు రాజ్‌దూత్, యెజ్డీ బైకులు బాగుచేసిన పెద్దాయన దగ్గరే నేను పని నేర్చుకున్నా. ఆయన సైలెన్సర్ విప్పి, ఆ కంతలోంచి పిస్టన్ చూపించాడు. గోరుతో గీరితే తగిలేంత లోతున నిలువు గీతలు. "ఏంరా అబ్బీ, లోపలేముందో సూడకనే పెట్రోలు పోస్తివా?" అన్నాడు. జరిగింది ఇదీ: ఏళ్ల తరబడి వాడకపోవడంతో క్రాంక్ ఆయిల్ సీలు (ఇంజన్ ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) ఎండి బిరుసెక్కింది. దాని సందులోంచి ఇంజన్ గాలి పీల్చింది. గాలి పెరిగితే మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి పిస్టన్‌కు తడి లేకుండా పోయింది.

అందుకే ఇప్పుడు నా దగ్గరికి ఏ పాత మిషన్ వచ్చినా ముందు విప్పేది సైలెన్సరే. రెండు బోల్టులు, ఐదు నిమిషాల పని. టార్చి వేసి పిస్టన్, రింగు చూడండి. నున్నగా, మసి రంగులో ఉంటే సరే. గీతలుంటే బేరం దగ్గరే ధర తగ్గించి అడగొచ్చు. తర్వాత తాడు పిడి పట్టుకొని మిషన్‌ను గాల్లోకి లేపండి. కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి, మెట్టు మెట్టుగా దిగుతుంది. జర్రున జారిపోతే రింగులో, సిలిండరో పోయినట్టే.

ఇక గాలి పరీక్ష. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కార్బొరేటర్ తీసి ఆ దారిని, సైలెన్సర్ దారిని సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి బిగించండి. ప్లగ్గు రంధ్రంలోకి, పాత ప్లగ్గు లోపలి పింగాణీ కొట్టేసి చేసుకున్న గొట్టం బిగించి, దానికి బీపీ మిషన్ బల్బు తగిలించండి. పిస్టన్ కిందికి దిగి ఉండాలి, లేకపోతే గాలి క్రాంక్ వైపు పోదు. బీపీ ముల్లు 300 దాకా కొట్టి ఆపండి. అంటే సుమారు 0.4 బార్ ఒత్తిడి, మనకు చాలు. ముల్లు నిలబడితే మంచిది. పడిపోతుంటే తాడు వైపు ఫ్లైవీల్ వెనక, చైన్ వైపు క్లచ్ వెనక సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేచిన చోటే సీలు పోయింది. కొన్ని సీళ్లు ఒత్తిడికి ఆగి, లోపలికి పీల్చేటప్పుడు మాత్రం వదిలేస్తాయి. నేనైతే ఇరవై ఏళ్లు దాటిన మిషన్‌కు పరీక్షలో పాసైనా రెండు సీళ్లూ మార్చేస్తాను. సీలు ఖర్చెంత, పిస్టన్ సిలిండర్ ఖర్చెంత?

070కి చౌకరకం నకలు సామాన్లు దండిగా దొరుకుతాయి. మూతలు, పిడి, తాడు, స్ప్రింగు లాంటివి నకలైనా నడిచిపోతుంది. సీళ్లు, రింగులు, కార్బొరేటర్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

స్పార్కు సంగతి రాజ్‌దూత్ తెలిసినవాళ్లకు కొత్త కాదు. చాలా పాత మిషన్లలో ఫ్లైవీల్ కింద పాయింట్లే (కలిసి విడిపోతూ స్పార్కు పుట్టించే రెండు లోహపు ముక్కలు) ఉంటాయి. ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టి తీయకండి, పుల్లర్ (లాగి తీసే పనిముట్టు) పెట్టండి. పాయింట్ల మొహాలను సన్న ఎమరీ కాగితంతో ఒక్కసారి రాసి, పెట్రోల్లో ముంచిన విజిటింగ్ కార్డు ముక్కను మధ్యలో లాగండి. ఎమరీ పొడి అక్కడే ఉంటే మర్నాటికి మళ్లీ స్పార్కు పోతుంది. పాయింట్ల గ్యాపు 0.35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి. ప్లగ్గు గ్యాపు 0.5. హాక్సా బ్లేడు పెట్టి చూసే అలవాటు మనవాళ్లకుంది గానీ, దాని మందం 0.6 పైనే ఉంటుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఒకటి కొనుక్కోండి. పాయింట్లు మాటిమాటికీ కాలిపోతుంటే వాటికి తగిలించి ఉండే కండెన్సర్ మార్చాల్సిందే.

కార్బొరేటర్ విప్పితే లోపలి డయాఫ్రమ్‌ను వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఊగాలి. పాత ఎక్స్‌రే ఫిల్ములా గరగరలాడితే పారేయండి. ఈ మధ్య బంకు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కదా, అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి ట్యాంకు లోపలి పైపు కూడా మార్చండి. ఆయిల్ ఎంత కలపాలన్నది మిషన్ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే, మామూలు టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్‌తో పాత మిషన్లకు లీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే 1:25 పోస్తాను. పొగ కాస్త ఎక్కువొస్తుంది, రానీయండి.

ఇక చెవితో చేసే పని. కార్బొరేటర్ మీది హెచ్ (ఫుల్ రేజ్‌కు), ఎల్ (తక్కువ రేజ్‌కు) స్క్రూలను మెల్లగా అడుగంటా తిప్పి, అక్కణ్నుంచి ఒక్కో చుట్టు వెనక్కి విప్పండి. ఇంజన్ వేడెక్కాక, చెట్టుకు ఆనించకుండా క్షణంపాటు ఫుల్ రేజ్ ఇవ్వండి. శబ్దం జలుబు చేసిన గొంతులా కాస్త గరగరమనాలి. బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగు పలక, కట్టెలో దిగిన వెంటనే ఆ గరగర పోయి గొంతు విచ్చుకోవాలి. ఖాళీగా తిరిగేటప్పుడే కీచుమని శుభ్రంగా పలికిందంటే పెట్రోలు చాలడం లేదు, హెచ్ స్క్రూ కొంచెం విప్పండి. ఆ రోజు మా వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టింది ఆ కీచుకే. ఇంకో సంగతి, మే నెల మిట్టమధ్యాహ్నం సరిచేసిన మిషన్‌ను డిసెంబరు పొద్దున అలాగే వాడకండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, పెట్రోలు అప్పుడు చాలదు.

చైన్ మాటకొస్తే, ఇప్పుడు వాడే కొక్కెం పళ్ల చైన్ ఆలోచన 1946లో అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషికి వచ్చింది. మొద్దులో ఒక పురుగు దవడలతో అటూ ఇటూ కొరుక్కుంటూ పోవడం చూశాడట. మన సర్కారు తుమ్మకు ఆ పళ్లు తొందరగా అరిగిపోతాయి. ఎండిన చీనీ (బత్తాయి) చెట్ల మొదళ్లకైతే మట్టి పట్టి ఉంటుంది, ముందు గొడ్డలి మడమతో తట్టి రాల్చండి. ఊరి నడుమ వేప చెట్టయితే ఫ్లెక్సీలు కట్టిన మేకులు వెతకండి. 0.404 అంగుళాల పిచ్ (లంకెల కొలత) చైన్‌కు 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 3/8 అంగుళాలదానికి 5.2. ముప్పై డిగ్రీల వాలు, లోపలి నుంచి బయటికి మాత్రమే తోపు. అన్ని పళ్లూ ఒకే పొడవుండాలి, లేకపోతే బార్ ఒక పక్కకు లాగుతుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో ఆపే, పంటి ముందుండే లోతు ముక్క 0.404 చైన్‌లో పంటికన్నా 0.8 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. తొందరగా తెగాలని ఇంకా అరగదీసేవాళ్లు మిషన్‌తో కుస్తీ పడతారు. కోత పొట్టు రవ్వలా కాక పిండిలా పడుతుంటే సాన పెట్టే వేళయిందన్నమాట.

చైన్‌కు కాలిన ఇంజన్ ఆయిల్ పోయకండి. అందులోని ఇనుప పొడి ఆయిల్ పంపును తినేస్తుంది. ఎండాకాలం 40 నంబరు కొత్త ఆయిల్ పోస్తాను. బార్‌ను వారానికోసారి తిరగేసి బిగించండి, గాడిలో పొట్టు గీకేయండి.

పాతవాటిలో చాలావాటికి చైన్ బ్రేకు ఉండదు. బార్ కొన పైభాగం దేనికైనా తగిలిందా, మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. కొనతో కోయొద్దు, భుజం దాటి పైకెత్తొద్దు. అదురు కూడా నేరుగా చేతులకే వస్తుంది, పావుగంటకోసారి దించండి. కడప వైపు పనికి పోయేటప్పుడు మిషన్ కొన్న కాగితం, చెట్టు కొట్టే అనుమతి జేబులో ఉంచుకుంటాను. ఎర్రచందనం దారుల్లో ఎవరైనా ఆపి అడగొచ్చు, అడగడమూ న్యాయమే.

పని సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, దానంతటదే ఆగిపోయేదాకా నడపండి. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దు. ప్లగ్గు విప్పి చెంచాడు ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు లాగి మళ్లీ బిగించండి. యూరియా బస్తాలున్న గదిలో మాత్రం పెట్టకండి. దీని బాడీ మెగ్నీషియం, ఆ ఎరువు తేమకు తెల్లగా పూసి పొడిపొడిగా రాలిపోతుంది.