విల్లు దెబ్బతిన్న చోటు: లక్షణం, కారణం, మరమ్మతు

చేత్తో చేసిన విల్లుకి ఎక్కడో పేడు లేచిందంటే చాలు, చెయ్యి ఫెవిక్విక్ మీదకి పోతుంది. కాసేపు ఆగండి. విల్లు ఊరికే ఒకచోట పగలదు. చాలాసార్లు, మిగతా చోట్ల కంటే అక్కడ ఎక్కువ వంగుతుంది కాబట్టే పగులుతుంది. ఆ వంపు సరిచెయ్యకుండా జిగురు పూసి దారం చుడితే చుట్టిన భాగం బిర్రుగా నిలబడుతుంది, దాని పక్కనే రెండంగుళాల అవతల కొత్త పగులు వస్తుంది.

అందుకని ముందు గోడ పరీక్ష చెయ్యండి. పిడిని గోడకున్న గట్టి కొక్కేనికి తగిలించి, నారిని కిందికి కొద్దిగా లాగమని ఇంకొకరికి చెప్పి, ఎదురుగా నిలబడి ఫోన్‌లో ఫొటో తీయండి. పిడికి అటూ ఇటూ ఉండే రెండు కొమ్ములూ ఒకేలా గుండ్రంగా వంగాలి. ఎక్కడైనా మోచెయ్యిలా మడత కనబడితే అసలు జబ్బు అదే. చాలావరకు పగులు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

గురి వైపు ఉండే మొహాన్ని వీపు అని, మన వైపు ఉండేదాన్ని పొట్ట అని అనుకుందాం. నారి లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వీపుకి చీలికలు, పొట్టకి ముడతలు రావడం అందుకే.

వీపు మీద పేడు లేచింది

కారణం: చెక్కపోగు మధ్యలో తెగడం. చెక్కేటప్పుడు పైపొర తెగి ఉండొచ్చు, కిందపడి గాటు పడి ఉండొచ్చు. నల్లమల వైపు దొరికే, బోలు తక్కువగా ఉండే గట్టి వెదురుతో చేసిన విల్లయితే, గణుపుల దగ్గర ఎత్తుని నున్నగా గీకేసి ఉండొచ్చు. వెదురు బలం ఎక్కువగా పైనుండే పచ్చబద్ద వైపే ఉంటుంది. అందం కోసం దాన్ని గీకడమంటే అసలుకే ఎసరు పెట్టుకోవడం.

పరిష్కారం: నారి దించేయండి. వీపు పొడవునా దూదిముక్కతో మెల్లగా రాయండి. కంటికి కనబడని పేడు కూడా దూదిని పట్టుకుంటుంది. అలా పట్టుకున్న ప్రతిచోటా పెన్సిల్ గుర్తు పెట్టండి. పేడు సన్నగా, ఒకటి రెండంగుళాల్లో ఉంటే పల్చటి ఫెవిక్విక్ చాలు, పోగుల సందులోకి అదే పాకుతుంది. పెద్దదైతే మెల్లగా గట్టిపడే రకం అరాల్డైట్ కలపండి. చిక్కగా ఉంటే ఎండలో కాసేపు పెడితే పల్చబడుతుంది. పేడుని గుండుసూదితో ఎత్తి, జిగురు లోపలి కొస దాకా పంపండి. పైన పాలిథిన్ ముక్క వేసి, పాత సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి చుట్టండి. పంచర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, ఏ క్లాంపూ దానికి సాటిరాదు. ఒక రోజంతా కదపకండి.

మర్నాడు పైకి తేలిన జిగురు మాత్రమే గరుకు కాగితంతో తీయండి, చెక్కపోగు జోలికి పోవద్దు. ఆపైన నూలుదారం గానీ పట్టుదారం గానీ, పగులుకి అటూ ఇటూ ఒక అంగుళం దాటేలా పక్కపక్కనే బిగించి చుట్టి, జిగురు పట్టించండి. మన తీరంలో వలలల్లే నైలాన్ దారం చవగ్గా దొరుకుతుంది కానీ దీనికి పనికిరాదు. సాగుతుంది, జిగురూ పట్టదు.

పేడు అడ్డంగా పోయి అంచుని తాకితే మాత్రం ఆ విల్లు ఆశ వదులుకోండి. ఎంత చుట్టినా అది మన మొహం మీదకే విరగొచ్చు. పొడవునా పోగు వెంట ఉన్న సన్నటి బీట వేరే సంగతి. అది చెక్క ఆరినప్పుడు వచ్చేది, జిగురు నింపి వదిలేయొచ్చు.

పొట్ట మీద అడ్డంగా సన్నటి ముడతలు

టార్చిని పక్కనుంచి కొడితేనే కనబడతాయి, గోటికి తగులుతాయి. కారణం ఆ చోటు నలిగిపోవడం. విల్లుని దాని కొలతకి మించి లాగితే చెక్కకి ఈ దెబ్బ తగులుతుంది. బాణం లేకుండా నారి వదలడం కూడా విల్లుకి చెడ్డదే. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు విల్లు దొరకగానే చేసే మొదటి పని ఆ రెండోదే.

ముడత పడ్డ చోట గీకకండి, ఇంకా పల్చబడుతుంది. దాని అటూ ఇటూ బిర్రుగా ఉన్న భాగాన్ని, పొట్ట వైపు, గాజుపెంకుతో కొంచెం కొంచెంగా గీకుతూ గోడ పరీక్ష మళ్లీ మళ్లీ చెయ్యండి. వంపు పక్కలకి పంచుకుంటే ముడత అక్కడితో ఆగుతుంది. లోతుగా నలిగిన చెక్కవిల్లుకి అతుకు వెయ్యాలి. నలిగిన భాగాన్ని పడవ అడుగులా, రెండు కొసలూ పల్చబడేలా తీసి, అదే జాతి చెక్కముక్కని పోగు దిశ కలిసేలా అరాల్డైట్‌తో అతికి, ఆరాక చదును చెయ్యండి. గరుకు కాగితాన్ని మార్కాపురం పలక మీద అతికించుకుంటే చదును సరిగ్గా వస్తుంది.

నారి దించినా వంపు పోవడంలేదు, బలం తగ్గింది

చాలాసార్లు ఇది దెబ్బ కాదు, చెమ్మ. నెల్లూరు, కావలి తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడుతుంటే చెక్క నీటిని పీలుస్తుంది. ఆ తడిలో లాగితే పొట్ట నలుగుతుంది. నీడలో, గాలి తగిలే చోట పడుకోబెట్టండి. ఆరిందో లేదో తెలియాలంటే వంటింటి త్రాసు మీద వారానికోసారి తూయండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. మార్కాపురం వైపు వాళ్లకి దీనికి ఎదురు కష్టం: మే ఎండలో బైకుకి కట్టి తిప్పితే అతి ఆరి పెళుసెక్కుతుంది. ఫెవికాల్‌తో అతికిన అతుకులకైతే చెమ్మా పడదు, వేడీ పడదు.

కొసన నారి గంటు చీలింది

గంటు అంచు పదునుగా ఉంటే నారీ తెగుతుంది, కొసా చీలుతుంది. గుండ్రటి ఆకురాయితో అంచు మొద్దు చేసి, గంటు కింద దారం చుట్టి జిగురు పట్టించండి.

సన్నటి చిల్లులు, పిండిలాంటి పొడి

పుచ్చు. వెదురులోని పిండి పదార్థం కోసం వచ్చే పురుగు ఇది. లోపల ఎంత తినేసిందో బయటికి తెలియదు, కాబట్టి ఆ విల్లు లాగొద్దు.

ఏ మరమ్మతు చేసినా మొదటి రోజే పూర్తిగా లాగకండి. నారి ఎక్కించి పావువంతు లాగి, వదలకుండా మెల్లగా వెనక్కి తీసుకురండి. ఆ తర్వాత సగం, ఆపైన ముప్పావు. ప్రతిసారీ జిగురు గీత దగ్గర దూది రాసి చూడండి. టిక్కుమని చప్పుడు వినిపిస్తే అక్కడే ఆపండి. కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన ఎవరూ లేనప్పుడు, పది బాణాలు వరిగడ్డి మోపు మీదకి సగం బలంతో వదిలి, మళ్లీ ఫొటో తీసి పాత ఫొటోతో పోల్చండి.