పని మీద మనసు ఎక్కడ తప్పిందో కనిపెట్టే పద్ధతి

"వాడికి పని మీద శ్రద్ధ లేదండీ" అనే మాట షాపుల్లో, షెడ్లలో, ఆఫీసుల్లో, ఇళ్లలో రోజూ వినబడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే మందు ఎలా రాస్తారు? ఇదీ అంతే. జీతం పెంచాలా, పని మార్చాలా, నేర్పించాలా, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా అన్నది శ్రద్ధ ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రేరణ మీద మనస్తత్వ శాస్త్రంలో వచ్చిన సిద్ధాంతాలను పరీక్షల కోసం బట్టీ పట్టి వదిలేస్తున్నాం గానీ, తెగిన చోటును వెతకడానికి అవి చక్కని పనిముట్లు. వరస తెలిసి వాడాలి, అంతే.

ఒక నోటుబుక్కు, ఆ మనిషితో ఏకాంతంగా అరగంట మాట్లాడే వీలు, నాలుగు వారాల ఓపిక చాలు. మీ సంగతి మీరే చూసుకోవాలన్నా పద్ధతి ఇదే.

ముందు పనిని ఒక్క వాక్యంలో రాయండి

మనిషి గుణం రాయకండి. "బద్ధకస్తుడు", "ఆసక్తి లేదు" అని రాసుకుంటే ఆ తర్వాత చేయడానికి ఏమీ మిగలదు. కంటికి కనబడేది, లెక్కకు అందేది రాయండి. జూన్‌లో బడులు తెరిచే ముందు స్కూల్ యూనిఫాంలు కుట్టే షెడ్డు ఒకటి అనుకుందాం. "కాలర్లు కుట్టే ఆవిడ దగ్గర మధ్యాహ్నం మూడు తర్వాత కుట్టిన వాటిలో పదింటికి రెండు ఆల్టరేషన్‌కి వస్తున్నాయి" అన్నది సరైన వాక్యం. ఏ పని, ఏ వేళ, ఎంత అన్నవి మూడూ అందులో ఉన్నాయి. ఇలా రాయడం మొదలుపెడితేనే కొన్నిసార్లు కారణం బయటపడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత ఆ మూలకు వెలుతురు తగ్గుతుందేమో, ముందు అది చూసిరండి.

మూడు ప్రశ్నలు, ఒక గుణకారం

విక్టర్ వ్రూమ్ 1964లో చెప్పిన సిద్ధాంతం ఈ వెతుకులాటకు వెన్నెముక. మనిషి ఒక పనికి ఒళ్లు వంచాలంటే మూడు చోట్ల మనసు ఒప్పుకోవాలి. కష్టపడితే పని అవుతుందా? పని అయితే ఫలితం చేతికొస్తుందా? ఆ ఫలితం తనకు కావాలా? వ్రూమ్ ఈ మూడింటినీ కూడలేదు, గుణించాడు. అంటే ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే.

పై ఉదాహరణలో ఆవిడతో మాట్లాడితే మొదటిదానికి ఒకటికి 0.9 అనిపించింది, చెయ్యి తిరిగిన మనిషే. రెండోదానికి 0.2 మాత్రమే. పోయిన సీజన్లో ఇస్తామన్న బోనసు ఇవ్వలేదు, అది ఆవిడ మరిచిపోలేదు. మూడోది, పదికి ఎనిమిది: డబ్బు అవసరం ఉంది. గుణిస్తే 0.9 × 0.2 × 8, అంటే 1.44. ఇప్పుడు యజమాని బోనసు మొత్తం పెంచి మూడోదాన్ని 10కి తెచ్చాడనుకోండి, 1.8 అవుతుంది. డబ్బు ఖర్చయింది, ఫలితం దాదాపు అక్కడే ఉంది. అదే పాత బాకీ తీర్చి, ఈసారి బోనసు ప్రతి శనివారం చేతిలో పెట్టి రెండోదాన్ని 0.8కి తెస్తే 5.76. ఈ అంకెలు తులాల లెక్క కావు, పోల్చి చూసుకోవడానికే. అయినా డబ్బు ఎక్కడ పోస్తే వృథానో ఇంత స్పష్టంగా ఇంకేదీ చూపించదు.

అడిగే తీరులోనే చాలామంది తప్పుతారు. "నీకేం కావాలి?" అంటే "జీతం పెంచండి" అనే జవాబే వస్తుంది, ఎవరైనా అదే అంటారు. ఇలా అడగండి: "రోజుకు అరవై కాలర్లు అనుకో అమ్మా, గట్టిగా కూర్చుంటే అవుతాయా? ఏది అడ్డం వస్తోంది?" తర్వాత: "అరవై కుట్టినందుకు పోయినసారి నీకేమైనా దక్కిందా?" చివరగా: "అది వస్తే నీకు ఏం కలిసొస్తుంది?" మధ్యలో సర్దిచెప్పకండి. సంజాయిషీ మొదలుపెట్టిన క్షణం నుంచి మీకు వినబడేది మర్యాద మాటలే.

మూడో ప్రశ్నకు జవాబు సున్నా కన్నా కిందికి కూడా పోవచ్చు, దీన్ని ఎక్కువమంది మరిచిపోతారు. బాగా పనిచేస్తున్నాడని కుర్రాణ్ణి సూపర్‌వైజర్‌ని చేస్తామంటారు. తోటివాళ్లతో కలిసి టీ తాగే స్నేహం పోతుందని, సాయంత్రం ఆలస్యంగా ఇంటికి పోవాల్సొస్తుందని అతను పని తగ్గించేస్తాడు. మనం వరమనుకున్నది అతనికి శిక్ష.

తెగిన చోటును బట్టి మందు

ఆ మూడు ప్రశ్నలూ మూడు లంకెలు అనుకోండి. మొదటి లంకె బలహీనంగా ఉంటే, అంటే "నావల్ల కాదు" అనిపిస్తుంటే, ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పిన నాలుగు దారులు ఉన్నాయి. అన్నిటికన్నా బలమైనది తన చేత్తో తాను నెగ్గడం. పనిని ముక్కలు చేసి మొదటి ముక్క కచ్చితంగా అయ్యేలా చూడండి. రెండోది, తనలాంటి మనిషి చేయడం కళ్లారా చూడడం. కటింగ్ మాస్టర్ చేసి చూపిస్తే "ఆయన మాస్టరు కాబట్టి" అనుకుంటారు, ఆర్నెల్ల కిందట చేరిన పక్క మిషను మనిషి చేస్తే నమ్ముతారు. మూడోది మాటతో ధైర్యం చెప్పడం, అది ఒంటరిగా ఎక్కువ కాలం నిలవదు. నాలుగోది ఒంటి స్థితి: గుండె దడ, అలసట మనిషికి "నాకు రాదు" అన్నట్టే అనిపిస్తాయి. అందుకే అలసిపోయిన వేళ కొత్త పని నేర్పకూడదు.

రెండో లంకెకు మందు ఒకటే, చిన్న మాట ఇచ్చి దాన్ని తేదీకి తీర్చడం. నమ్మకం ఒకసారి పోయిన చోట మూడు నాలుగు విడతలు వరసగా సమయానికి అందితే తప్ప అంకె కదలదు. స్టేసీ ఆడమ్స్ 1960లలో చెప్పిన సంగతీ ఇక్కడే చూసుకోవాలి: మనిషి తన కష్టాన్ని, కూలిని పక్కవాడి కష్టంతో, కూలితో పోల్చుకుంటాడు. ఒకే పనికి ఇద్దరికి రెండు రేట్లు ఉంటే, తక్కువ వచ్చేవాడు చాలాసార్లు నోరెత్తడు. చెయ్యి నెమ్మది చేసుకుని లెక్క సరిచేసుకుంటాడు.

మూడో లంకెకు అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ పనికొస్తాడు. కొందరిని సాధించాలన్న తపన నడిపిస్తుంది, కొందరిని నలుగురితో కలిసి ఉండాలన్న కోరిక, కొందరిని పదిమందిని నడిపించాలన్న ఆశ. ఈ సిద్ధాంతానికి మన నేలతో గట్టి సంబంధమే ఉంది. 1964లో ఆయన బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు (ఇప్పటి నిమ్‌స్మే) రప్పించి, సాధన తపన పెంచే శిక్షణ ఇచ్చింది. తర్వాత చూస్తే శిక్షణ పొందినవాళ్లు వ్యాపారం పెంచడంలో, కొత్త పెట్టుబడుల్లో పొందనివాళ్ల కన్నా చురుగ్గా ఉన్నారు. అందులోనూ సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లలోనే మార్పు బాగా కనబడింది. ఎంత తపన నూరిపోసినా, పొద్దున లేస్తే ప్రతిదానికీ ఒకరి అనుమతి అడగాల్సిన మనిషికి అది అక్కరకు రాదు.

ఎవరిది ఏ తపనో తెలుసుకోవడానికి ఆ పరిశోధనల్లోని రింగుల ఆటను గుర్తుంచుకోండి. మేకుకు ఎంత దూరం నుంచి వేయాలో ఆడేవాళ్ల ఇష్టం. సాధన తపన ఉన్నవాళ్లు మరీ దగ్గరా నిలబడరు, అదృష్టం మీద ఆధారపడే దూరమూ ఎంచుకోరు, మధ్యలో నిలబడతారు. అలాంటి మనిషికి గెలుపు ఓటములు సగం సగం ఉండే పని ఇచ్చి, ఎలా చేశాడో వెంటనే చెప్పండి. స్నేహం కోరే మనిషికి అదే పని ఒంటరిగా అప్పగిస్తే వాడిపోతాడు.

ఫ్యాను, బాత్రూమ్, జీతం తేదీ

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో ఒక సంగతి తేల్చింది. జీతం, పైవాళ్ల తీరు, పనిచేసే చోటు లాంటివి బాగాలేకపోతే మనిషి విసిగిపోతాడు, బాగుంటే విసుగు మాత్రమే పోతుంది. హుషారు మాత్రం పనిలోని ఎదుగుదల, గుర్తింపు, బాధ్యతల నుంచి వస్తుంది. దీని మీద న్యాయమైన విమర్శ ఉంది: బాగా జరిగినదాన్ని తమ ఖాతాలో, చెడినదాన్ని పరిసరాల ఖాతాలో వేసుకోవడం మనుషుల అలవాటు కాబట్టి జవాబులు అలా వచ్చి ఉండొచ్చు. జీతం ప్రేరణ కాదని చెప్పి తక్కువ ఇవ్వడానికి దీన్ని సాకుగా వాడేవాళ్లున్నారు, అది తప్పు. వాడుకలో దీని విలువ వరస చెప్పడమే. మొదటి వారంలో ఫ్యాను, వెలుతురు, ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్, జీతం తేదీ సరిచేయండి. ఆ మాత్రానికే అందరూ ఉత్సాహంతో పరుగెత్తుతారని ఎదురుచూడకండి.

పనినే కొలవడం

అన్నిటికన్నా తక్కువ వాడుతున్నదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే అని మా అభిప్రాయం. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ 1970లలో పనికి మార్కులు వేసే సూత్రం ఇచ్చారు. ఐదు విషయాలకు 1 నుంచి 7 వరకు వేయాలి: ఎన్ని రకాల నైపుణ్యం వాడుతున్నారు, మొదలు నుంచి చివర వరకు ఒక వస్తువు తమ చేతిలో తయారవుతోందా, దాని వల్ల ఎవరికైనా మేలుందా, సొంత నిర్ణయం ఎంత, ఎలా చేశామో పనిలోనే తెలుస్తోందా. మొదటి మూడింటి సగటును నాలుగోదానితో, ఐదోదానితో గుణించాలి. ఎక్కువలో ఎక్కువ 343.

కాలర్ల ఆవిడకు వేసి చూద్దాం. నైపుణ్యం 2, పూర్తి వస్తువు 1, మేలు 3, సగటు 2. సొంత నిర్ణయం 2, తెలియడం 4. మొత్తం 16. రోజంతా కాలర్లే కుట్టే మనిషి ఒక్క పూర్తి చొక్కా కూడా చూడదు.

ఇప్పుడు నలుగురిని ఒక జట్టు చేసి, ఒక బడి చొక్కాలన్నీ వాళ్లకే అప్పగించండి. కాలరు, జేబు, చేతులు, కాజాలు ఎవరు ఏ రోజు కుట్టాలో వాళ్లే పంచుకుంటారు. బడి పేరు రాసిన అట్ట మిషన్ల దగ్గర ఉంటుంది. సాయంత్రం ఆల్టరేషన్లు వాళ్లే లెక్కపెట్టి పలక మీద రాస్తారు. నైపుణ్యం 4, పూర్తి వస్తువు 6, మేలు 5, సగటు 5. సొంత నిర్ణయం 4, తెలియడం 5. మొత్తం 100.

ఇది చెడేది ఒక చోట. పీస్ రేటు మీద ఉన్నవాళ్లకు కొత్త పని అలవాటయ్యే రెండు మూడు వారాలు చెయ్యి నెమ్మదిస్తుంది, కూలి పడిపోతుంది, "ఈ కొత్త పద్ధతి మా పొట్ట కొట్టడానికే" అంటారు. అనడంలో తప్పులేదు. ఆ రోజులకు పాత సగటు కూలి కట్టివ్వండి. ఇంకొకటి, కొందరికి ఒకే పని ప్రశాంతంగా చేసుకోవడం ఇష్టం, వాళ్లను బలవంతంగా జట్టులోకి లాగకండి.

లక్ష్యం అంకెలో ఉండాలి

"మీ శాయశక్తులా చేయండి" అనే మాటకు పనిలో విలువ లేదు. ఓక్లహామాలో దుంగలు మోసే లారీలు చట్టం ఒప్పుకున్న బరువులో సుమారు 60 శాతమే నింపుకుని వెళ్తుండేవి. గ్యారీ లేథమ్ బృందం డ్రైవర్లకు 94 శాతం అనే లక్ష్యం పెట్టింది, అదనపు డబ్బు లేదు. మొదటి నెల 80 దాకా పెరిగింది, రెండో నెల 70కి తగ్గింది, మూడో నెల 90 దాటింది. రెండో నెల తగ్గుదలే అసలు పాఠం. నిజంగా దండించరా అని డ్రైవర్లు పరీక్షించారు. ఎవరినీ దండించలేదు, అప్పుడు నమ్మారు. మీ దగ్గరా రెండో వారం అంకె పడితే కేకలేయకండి.

ఇంకా నేర్చుకుంటున్న పనికి మాత్రం ఫలితపు అంకె పెట్టకూడదు, మనిషి కంగారుపడి అడ్డదారులు తొక్కుతాడు. "వారంలో 200 అమ్మాలి" అనే బదులు "కొనకుండా వెళ్లిన పదిమంది ఎందుకు వెళ్లారో రాసుకురా" అనండి.

బహుమతి ఎప్పుడు చేటు

1973లో స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, రెండో జట్టుకు చెప్పకుండా గీశాక ఇచ్చారు, మూడో జట్టుకు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత మొదటి జట్టు పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీశారు. కాబట్టి ఇష్టంగా చేస్తున్న పనికి ముందే వెల కట్టకండి. లెక్కలంటే ఇష్టపడే పిల్లకు లెక్కకింత అని డబ్బులివ్వకండి. చేశాక, అనుకోకుండా, ఏది బాగా చేసిందో విడమరిచి మెచ్చుకోండి. ఎవరికీ ఇష్టంలేని పనులకు, గోదాము సర్దడం లాంటివాటికి, ముందే చెప్పి డబ్బివ్వడంలో చేటు లేదు.

మీ కోసమైతే

ఉద్దేశం ఉండీ పని జరగకపోతే, ఎప్పుడు ఎక్కడ అన్నది తేల్చుకోలేదన్నమాట. పీటర్ గోల్విట్జర్ చెప్పినట్టు "ఫలానాది కాగానే, ఫలానాది చేస్తాను" అని రాసుకోండి. గ్రూప్-2కి చదివేవాళ్లు "రోజూ చదవాలి" అనుకుంటే సాగదు. "రాత్రి కంచం కడిగి పెట్టగానే, ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి, వంటింటి బల్ల దగ్గర ఇరవై నిమిషాలు పాలిటీ చదువుతాను" అని రాస్తే సాగుతుంది. గుర్తుచేసే ఆ మొదటి పని రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి. "ఖాళీ దొరకగానే" అని రాసినవి వారం కూడా నిలవవు.

మాస్లో పేరు ఇంతవరకు తీయలేదు. 1943లో ఆయన రాసిన అవసరాల వరస అందరికీ తెలుసు, కానీ పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు, మెట్టు మెట్టుగానే ఎక్కాలని ఆయన పట్టుబట్టనూ లేదు. అద్దె కట్టలేని మనిషిని ఆశయాల గురించి అడగకండి, అంతవరకు వాడుకుంటే చాలు.

ఫ్యాను, వెలుతురు లాంటివి సరిచేశాక, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నాలుగు వారాలకు మొదట రాసుకున్న వాక్యం తీసి, అదే అంకె మళ్లీ లెక్కపెట్టి, మూడు ప్రశ్నలూ మళ్లీ అడగండి. ఏ అంకె కదలక, ఆ మనిషికి ఇదివరకు ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోయి, నిద్ర, ఆకలి రెండు వారాలుగా చెడి ఉంటే ఇక ఈ నోటుబుక్కు పక్కన పెట్టండి. అది డాక్టరు చూడాల్సిన సంగతి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.