పిల్లల వైద్యంలో తొలి ఏళ్ళు – 3వ పాఠం: తల్లి చేతిలోని ప్యాకెట్ చదవడం

విరేచనాలతో వచ్చిన బిడ్డ ఒంట్లో నీరు ఎంత తగ్గిందో కళ్ళను, చర్మాన్ని, దాహాన్ని చూసి అంచనా వేయడం గత రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఆ బిడ్డ ఇంట్లో ఏం తాగాడో తల్లి నోట వినడం, ఆమె తెచ్చిన ఓఆర్ఎస్ (నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్‌నో, దాని పేరుతో కొన్న పానీయం డబ్బానో చదవడం, అందులో లోపం కనిపిస్తే దాన్ని ఆమె మీదికి నెట్టకుండా దాని మూలం దాకా వెళ్ళడం ఈ పాఠంలో నేర్చుకుంటాం. ఇది మందుల పరిజ్ఞానం కంటే తక్కువ పని అని దయచేసి అనుకోవద్దు.

ముందు అడిగే తీరు చూద్దాం. "ఓఆర్ఎస్ ఇచ్చారా?" అని అడిగితే "ఇచ్చాం సార్" అన్న జవాబే వస్తుంది, దానితో మనకు తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. దానికి బదులు "అమ్మా, నిన్నటి నుంచి బాబుకి ఏమేం తాగించారు? ప్యాకెట్ ఉంటే ఒకసారి చూపిస్తారా? దేంట్లో కలిపారు?" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికి వస్తాయి: లీటరు నీళ్ళలో కలపవలసిన పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపారని, లేదా పొదుపుగా వాడుకుందామని అర చెంచా పొడి చొప్పున కలుపుతూ వచ్చారని, లేదా మందుల షాపులో ఇచ్చిన తియ్యటి డబ్బా పానీయం పట్టించారని తెలుస్తుంది. మొదటిదానివల్ల ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరగవచ్చు, రెండోదానివల్ల అందవలసిన లవణాలు అందవు. మూడోదాని గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

అంతకుముందు ఒక్క మాట. ఓపీలో మంచి చీర కట్టుకుని వచ్చిన తల్లిని "మీరు" అని, కూలికి వెళ్ళే తల్లిని "నువ్వు" అని పిలిచే అలవాటు మన ఆసుపత్రుల్లో ఉంది. "ఇదెందుకు పట్టించావమ్మా?" అని విసుగ్గా అడిగిన క్షణం నుంచి ఆ తల్లి మనకు నిజం చెప్పడం మానేస్తుంది, ఎందుకంటే పక్కన అత్తగారున్నారు, వరుసలో ఊరివాళ్ళున్నారు. అందరితోనూ "మీరు" అనే మాట్లాడండి.

ఇప్పుడు ప్యాకెట్ చేతిలోకి తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి. గ్లూకోజు, సోడియం రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్ (బరువును కాక కణాల సంఖ్యను లెక్కించే కొలత) చొప్పున సమానంగా ఉండటం యాదృచ్ఛికం కాదు. పేగు గోడ ఆ రెంటినీ జతగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వస్తుంది. చక్కెర మితిమీరి ఉన్న పానీయంలో ఇది తారుమారై, ఇమడని చక్కెర ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కాబట్టి డబ్బా మీద 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాముల చక్కెర అని రాశారో చూసి, పదితో గుణించి, 13.5తో పోల్చండి. 11 గ్రాములని ఉంటే లీటరుకు 110 అన్నమాట. ఈ లెక్క తల్లి ఎదుటే, ఆమెకు అర్థమయ్యేలా చేయండి. డబ్బాలో వచ్చినంత మాత్రాన ప్రతిదీ తప్పుడు సరుకు కాదు, సరైన పాళ్ళతో కలిపి అమ్మేవీ ఉన్నాయి. అందుకే చదవాలి.

తర్వాత కలిపి చూపించాలి. షాపులో దొరికే లీటరు నీళ్ళ సీసాను కొలతగా చూపితే ఎవరికైనా గుర్తుంటుంది. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లైతే కొలత వేరని విడిగా చెప్పండి. కలిపినది 24 గంటల్లోపు వాడాలి. నీరు తగ్గిన గుర్తులు ఇంకా కనిపించని బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళలోపైతే 50 నుంచి 100, దాటితే 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఆ తర్వాత "ఇంటికెళ్ళి ఎలా కలుపుతారో ఒకసారి నాకు చెప్పండమ్మా" అని ఆమె చేతే చెప్పించండి. ఇంట్లో మాట చెల్లేది నానమ్మదైతే ఆమెను కూడా లోపలికి పిలవండి. పళ్ళొస్తున్నాయి కాబట్టి విరేచనాలు మామూలేనని ఆమె నమ్ముతుంటే, ఆ మాటను కొట్టిపారేయకుండా పూర్తిగా విని, అయినా నీళ్ళు పట్టడం ఎందుకు ఆపకూడదో చెప్పండి.

తల్లుల చేతికి వైద్యం అప్పగించవచ్చని నిరూపించినవారు ఒక పిల్లల వైద్యుడే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో కలరా చుట్టుముట్టిన పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో నరానికెక్కించే సెలైన్ అయిపోవస్తుండగా, అప్పటికి 36 ఏళ్ళ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని రోగుల బంధువులే తాగించేలా ఏర్పాటు చేశారు. మరణాలు నూటికి నాలుగుకంటే తక్కువకు పడిపోయాయి. అది అక్కడితో ఆగిపోకపోవడానికి కారణం, ఆయన లెక్కలు రాసిపెట్టి 1973లో ప్రచురించడం. 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

రాసిపెట్టడమే ఈ పాఠంలోని రెండో సగం. ఒక తల్లికి నచ్చజెప్పి పంపాక, అదే డబ్బాతో మరుసటి వారం మరో తల్లి వస్తే, లోపం తల్లుల్లో లేదని తెలుసుకోవాలి. తారీఖు, బిడ్డ వయసు, తాగించిన సరుకు, ఎవరు ఇమ్మన్నారు, వచ్చేటప్పటి స్థితి మాత్రం ఒక పుస్తకంలో రాయండి. పేరు, ఊరు వద్దు. ఫొటో తీయవలసింది డబ్బాను, బిడ్డను కాదు. ఆ పుస్తకంతో ముందు ఆసుపత్రి ఎదుటి మందుల షాపు యజమానితో మర్యాదగా మాట్లాడండి, తర్వాత మీ విభాగాధిపతి సంతకంతో ఆహార భద్రతాధికారికి రాయండి.

ఫలితం ఆలస్యం కావచ్చు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ చక్కెర మితిమీరిన ఇలాంటి డబ్బా పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని ఏళ్ళ తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022లో దేశపు ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ), ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదని ఒక హెచ్చరిక ముద్రిస్తే చాలు, ఆ పేరు వాడుకోవచ్చని కంపెనీలకు సడలింపు ఇచ్చింది. ఆ సన్నటి అక్షరాలు అర్ధరాత్రి బిడ్డనెత్తుకుని షాపుకు పరుగెత్తిన తల్లికి ఏ మాత్రం పనికొస్తాయి? 2025 అక్టోబరు 14న ఆ సంస్థే ఆ అనుమతులను వెనక్కి తీసుకుంది. ఒక్క వైద్యురాలి పట్టుదల దేశమంతటి లేబుళ్ళను కదిలించిందన్న సంగతి పీజీ చదివే ప్రతి ఒక్కరికీ తెలియాలని నా గట్టి కోరిక.

అభ్యాసం: ఈ వారం మీ ఓపీకి విరేచనాలతో వచ్చే ప్రతి బిడ్డ ఇంటివాళ్ళనూ పైన చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగి, జవాబులను వారి మాటల్లోనే రాయండి. వచ్చే పాఠంలో ఆ జవాబుల ఆధారంగా అధికారులకు ఒక పేజీ లేఖ రాయడం నేర్చుకుంటాం.