వీడియో కాన్ఫరెన్స్ ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఏ రకం సరిపోతుంది

చీమకుర్తి యార్డులో నిలబెట్టిన గ్రానైట్ స్లాబును దూరదేశపు కొనుగోలుదారుకు చూపించడానికీ, కావలిలోని కళాశాల విద్యార్థులకు హైదరాబాదు అధ్యాపకుని చేత పాఠం చెప్పించడానికీ వీడియో కాన్ఫరెన్స్ పనికి వస్తుంది కానీ, ఈ రెండింటికీ ఒకే ఏర్పాటు సరిపోదు. ఏది కొనాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవాలంటే ముందు దాని లోపల జరిగేదేమిటో తెలుసుకోవాలి.

కెమెరా సాధారణంగా సెకనుకు 30 బొమ్మలు పంపుతుంది. అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలున్న ఆ బొమ్మలను ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 66 కోట్ల బిట్లు కావాలి. మన ఇళ్లకూ దుకాణాలకూ వచ్చే మామూలు కనెక్షన్లు అంత బరువు మోయలేవు. అందుకే కోడెక్ అనే భాగం, ముందు బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారిన దానిని మాత్రమే ఎంచుకొని, కంటికి అంతగా ఆనని సన్నని వివరాలను వదిలివేసి, అదే దృశ్యాన్ని సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లకు (15 లక్షల బిట్లకు) అటూ ఇటూగా కుదిస్తుంది. 2003లో వచ్చిన హెచ్.264 కోడెక్ నేటికీ విరివిగా వాడుకలో ఉంది. కుదించిన సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా బయలుదేరుతుంది. దారిలో ఒకటి తప్పిపోతే దాని కోసం వ్యవస్థ ఎక్కువసేపు ఎదురుచూడదు, ఎందుకంటే ఆలస్యంగా అందిన మాట సంభాషణకు ఉపయోగపడదు. మాట అవతలి వారికి చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించి పట్టకపోతే సంభాషణ సాఫీగా సాగుతుంది. అది బాగా పెరిగితే ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూనే ఉంటారు.

ఈ కుదింపు సంగతి గ్రానైట్ వ్యాపారులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీకి విలువ తెచ్చేది నల్లని రాతిలో మెరిసే బంగారు రంగు చుక్కలే. ఫోను పట్టుకొని స్లాబు వెంట నడుస్తూ చూపిస్తే ప్రతి బొమ్మా పూర్తిగా మారిపోతుంది కాబట్టి, కోడెక్ తనకున్న బిట్లన్నీ ఆ కదలికకే ఖర్చుపెట్టి చుక్కలను చెరిపేస్తుంది, కొనుగోలుదారుకు మామూలు నల్లరాయి కనిపిస్తుంది. కెమెరాను స్టాండు మీద నిలిపి, ఒక్కో చోట అయిదారు సెకన్లు కదపకుండా ఉంచి, వెలుతురు పక్క నుంచి పడేలా చూస్తే చుక్కలు క్రమంగా తేలుతాయి. అయినా బేరం తేల్చేముందు పూర్తి సైజు ఫోటోలను విడిగా పంపడమే న్యాయం.

ఇక రకాల విషయానికి వస్తే, ఇద్దరు మాట్లాడుకోవడానికి వాట్సాప్ కాల్ చాలు. ఎక్కువమంది ఉన్నప్పుడు ప్రతి ఒక్కరూ మిగిలిన అందరికీ నేరుగా వీడియో పంపే పద్ధతిలో అయిదుగురికే ఒక్కొక్కరు నాలుగు ప్రవాహాలు పంపవలసి వస్తుంది, అప్‌లోడ్ అక్కడే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. జూమ్, గూగుల్ మీట్ వంటివి మధ్యలో సర్వరు పెట్టి ఈ భారం తప్పిస్తాయి: మీరు సర్వరుకు మాత్రమే పంపుతారు, మిగిలిన వారికి అదే పంచుతుంది. ఉచిత ఖాతాలో జూమ్ సమావేశం 40 నిమిషాలకు ముగుస్తుంది, ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే మీట్‌లో గంట. సొంత సర్వరు నడపగల సంస్థలకు, ఆ సర్వరులోనే పెట్టుకోగల జిట్సీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. సమాచారం బయటి సంస్థ చేతిలో పడకూడదనుకునే వారు దానిని తప్పక పరిశీలించాలి. తిరిగే కెమెరా, బల్ల మైకులు, పెద్ద తెర ఉండే గది వ్యవస్థలు సమావేశ మందిరాలకు తగినవి. నలుగురు కూర్చునే కార్యాలయానికి అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

ఏర్పాటు చేసేటప్పుడు అందరూ డౌన్‌లోడ్ వేగమే అడుగుతారు. మీ ముఖమూ మాటా అవతలికి చేరేది అప్‌లోడ్ మీద కాబట్టి, స్పీడ్ టెస్టులో ఆ అంకె చూడండి; ఒక్కో కాల్‌కు కనీసం మూడు మెగాబిట్లు మిగులు ఉండాలి. వైఫైకి బదులు రౌటరు నుంచి కంప్యూటరుకు లాన్ కేబుల్ వేస్తే తెగిపోవడం చాలావరకు తగ్గుతుంది.

డబ్బు తక్కువైతే కెమెరా మీద తగ్గించుకోండి, మైకు మీద తగ్గించకండి. బొమ్మ కాసేపు నిలిచినా సమావేశం సాగుతుంది, మాట తెగితే సాగదు. స్పీకరు శబ్దాన్ని మైకు తిరిగి పట్టుకోకుండా వ్యవస్థ లెక్కగట్టి తీసివేస్తుంది కానీ, ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌ల మైకులూ స్పీకర్లూ తెరిచి ఉంటే అది చేతులెత్తేస్తుంది, చెవులు చిల్లులు పడే కూత మొదలవుతుంది. ఒకదానికి రెండూ ఆపివేయాలి. టైల్స్ పరిచిన ఖాళీ గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది కనుక కిటికీలకు మందపాటి తెరలు వేయించండి.

కరెంటు పోతుందనే లెక్కతోనే ఏర్పాటు చేసుకోవాలి. చాలామంది కంప్యూటరును ఇన్వర్టరుకు కలిపి, ఫైబర్ మోడెమ్‌నూ రౌటరునూ మామూలు ప్లగ్గులో వదిలేస్తారు. అవి ఆగిన క్షణాన సమావేశం తెగిపోతుంది. వాటినీ ఇన్వర్టరు లైనులో పెట్టించి, ముఖ్యమైన సమావేశం ఉన్న రోజున అదే లింకులో ఒక ఫోనును మొబైల్ డేటాపై, మైకూ స్పీకరూ ఆపి, ముందే చేర్చి ఉంచండి.