పెండ్లికి నెల ముందు తిండి మానొద్దు బిడ్డా

పోయిన నెల మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో పెండ్లికూతురిని తయారు చేయడానికి పోయాను. మంగళస్నానం చేయించి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. జడ విప్పి దువ్వెన పెట్టానో లేదో, ఆ పిల్ల ఒక పక్కకు ఒరిగిపోయింది. ముఖమంతా చెమట, చేతులు చల్లగా అయిపోయాయి. "ఇరవై రోజుల నుంచి బత్తాయి జ్యూసు, కీర ముక్కలు తప్ప ఏమీ ముట్టలేదు మేడం, ముఖం మెరవాలని" అని వాళ్లమ్మ ఏడుస్తూ చెప్పింది. సెలైన్ ఎక్కించి, ముహూర్తానికి గంట ముందు మళ్లీ కూర్చోబెట్టాం. ఫౌండేషన్ వేస్తుంటే బుగ్గల మీద పొట్టు పొట్టుగా లేచింది. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి. కింది కనురెప్ప కొంచెం లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

పద్నాలుగేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను. మళ్లీ పెండ్లిళ్ల సీజన్ వస్తోంది, అదీ నల్గొండ ఎండల్లో. నీళ్లు బాగా తాగండి, కూరగాయలు తినండి అని నేను చెప్పక్కర్లేదు. నా కుర్చీలో కూర్చున్న పిల్లల ముఖాలను ఎక్కువగా పాడు చేసిన తప్పు ఒకటుంది, దాని గురించే ఈ రాత. తిండి మానేసి జ్యూసు మీద ఉండొద్దు.

చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది కొల్లాజెన్. అది ఒక రకం ప్రొటీన్. ఒంట్లో అది తయారు కావాలంటే తిండిలో ప్రొటీనూ ఉండాలి, సి విటమినూ ఉండాలి. బత్తాయిలో సి విటమిన్ ఉంది, ప్రొటీన్ లేనట్టే. ఇటుకలు తేకుండా ఒక్క సిమెంటుతో గోడ కట్టమంటే మేస్త్రీ ఏం చేస్తాడు? జుట్టు సంగతి ఇంకా అన్యాయం. తిండి తగ్గిన దెబ్బ దాని మీద వెంటనే కనబడదు, రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అప్పటికి పిల్ల అత్తగారింట్లో ఉంటుంది. అక్కడి నీళ్లు పడలేదని అందరూ అనుకుంటారు.

జ్యూసు వద్దంటే, జొన్నరొట్టె ఒక్కటే తింటామనేవాళ్లు ఈ మధ్య వస్తున్నారు. జొన్నరొట్టె మన తిండే, మంచిదే, కానీ పక్కన పప్పో కూరో ఉండాలి. ఒకప్పుడు మన దిక్కు జొన్నల మీదనే బతికిన పేదవాళ్లకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న హైదరాబాద్ సంస్థ నుంచి గోపాలన్, శ్రీకంఠయ్య అనే పరిశోధకులు 1960లోనే దాని గురించి రాశారు. జ్యూసైనా, రొట్టె అయినా, ఒక్కటే తిండి మీద ఉండొద్దు.

50 కిలోల పిల్లకు రోజుకు 40 గ్రాములకు పైగా ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు వస్తాయి. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, గుప్పెడు పల్లీలు, గిన్నెడు పెరుగు, వాటితో అన్నమో రొట్టో తింటే లెక్క సరిపోతుంది. పప్పులో గంగవాయిలి కూర వేయండి, చర్మానికి పనికొచ్చే ఒమేగా 3 కొవ్వు ఆకుకూరల్లో దాంట్లోనే ఎక్కువ. పైన నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే అంత ఒంటబట్టదు, గంట ఆగండి. బత్తాయి కంటే జామకాయలో సి విటమిన్ నాలుగింతలు. బత్తాయి తినాలనిపిస్తే తొనలు ఒలుచుకుని తినండి.

ఇక మిగతావి. బరువు తగ్గాలంటే మూడు నాలుగు నెలల ముందే మెల్లగా మొదలుపెట్టాలి. పెండ్లి పది రోజులుందనగా కొత్త పొడి, కొత్త మాత్ర ఏదీ మొదలుపెట్టొద్దు. పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడితో కొందరికి మొటిమలు లేస్తాయి. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తపరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. నిమ్మకాయ ముఖానికి రుద్దుకుని ఎండలోకి పోవద్దు, కాలినట్టయి నల్ల మచ్చలు పడతాయి. తెల్లబడే ఇంజెక్షన్ వద్దు. డాక్టరు రాయని స్టెరాయిడ్ క్రీము అసలే వద్దు, చర్మం పల్చబడుతుంది. కూల్‌డ్రింకులు బంద్.

అమ్మలూ, బిడ్డ ముఖం పీక్కుపోతే "సన్నబడ్డావు" అని మురిసిపోవద్దు. కళ్లు తిరుగుతున్నాయంటే దిష్టి తీసి వదిలేయొద్దు, రక్తం ఎంతుందో పరీక్ష చేయించండి. పెండ్లినాడు ఉపవాసం మీ ఆనవాయితీ అయితే పాలు, అరటిపండు, ఖర్జూరమైనా ఇవ్వండి. పెద్దవాళ్లు వద్దంటే నన్ను పిలవండి, నేను మాట్లాడతాను. ఆనవాయితీ లేనివాళ్లు ఇడ్లీ, పల్లిచట్నీ తిని కూర్చోండి. ఖాళీ కడుపుతో కూర్చుంటే ఎంత ఆలస్యమైనా సరే, ముందు తినిపించి తర్వాతే దువ్వెన పడతాను.