బేస్‌మెంట్ బాత్రూమ్ పర్మిట్: ప్లంబింగ్ డయాగ్రమ్ మీరే గీయడం ఎలా?

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది కొన్నేళ్లకు బేస్‌మెంట్ పని మొదలుపెడతారు. బంధువులు వస్తే ఉండడానికి ఒక గది, దాని పక్కనే చిన్న బాత్రూమ్ అనుకుంటారు. గది సంగతి సులువే. బాత్రూమ్ దగ్గరకు వచ్చేసరికి కౌంటీ పర్మిట్ ఆఫీసు ప్లంబింగ్ డయాగ్రమ్ అడుగుతుంది. మీరు నివసిస్తున్న సొంత ఇంటికైతే చాలాచోట్ల ఆ డయాగ్రమ్ మీరే గీసి ఇవ్వవచ్చు. అద్దెకిచ్చిన ఇంటికి మాత్రం ఈ వెసులుబాటు సాధారణంగా ఉండదు.

బొమ్మ అందంగా రావాలని బెంగ పెట్టుకోకండి. పరిశీలించే అధికారి ముఖ్యంగా చూసేవి రెండు: మురుగు ఎటు పోతోంది, ఆ పైపులోకి గాలి ఎటు నుంచి వస్తోంది. మొదటిది అందరూ గీస్తారు. కాగితం వెనక్కి వచ్చేది ఎక్కువగా రెండోదాని వల్లే.

ముందు కోడ్ తెలుసుకోండి

వర్జీనియాలో ఇళ్లకు ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే నిర్మాణ నియమావళి ఆధారం. కాలిఫోర్నియా యూనిఫామ్ ప్లంబింగ్ కోడ్‌ను, న్యూజెర్సీ నేషనల్ స్టాండర్డ్ ప్లంబింగ్ కోడ్‌ను అనుసరిస్తాయి. ఈ తేడా చిన్నది కాదు. 1½ అంగుళాల పైపు మీద ట్రాప్ (మురుగు వాయువు రాకుండా నీరు నిలిచే పైపు వంపు) నుంచి వెంట్ (గాలి పైపు) దాకా వర్జీనియాలో 6 అడుగుల దూరం ఒప్పుకుంటారు, కాలిఫోర్నియాలో అది మూడున్నర అడుగులే. అందువల్ల కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్న స్నేహితుడి డయాగ్రమ్ తెచ్చి పేరు మార్చి ఇస్తే పని జరగదు. కింది కొలతలన్నీ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం చెబుతున్నవి. మీ కౌంటీ చేసిన సవరణలు ఏమైనా ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి.

నేల మీద ఉన్నదేమిటో చూడండి

కొత్త ఇళ్లలో బిల్డర్ చాలాసార్లు బేస్‌మెంట్ కాంక్రీటులోంచి మూతలు బిగించిన పైపులు వదిలి ఉంటాడు. 3 అంగుళాలది కమోడ్‌కు, సన్నవి వాష్‌బేసిన్‌కు, షవర్‌కు. పైకప్పు దగ్గర మూత వేసిన వెంట్ పైపు కూడా ఉండవచ్చు. గోడల నుంచి వాటి దూరాలు టేపుతో కొలిచి రాసుకోండి. వీధి మురుగు లైను మీ బేస్‌మెంట్ నేలకంటే ఎత్తులో ఉంటే మురుగును పంపుతో పైకి ఎత్తాలి. అప్పుడు మూత బిగించిన గుంట, పంపు, 2 అంగుళాల డిశ్చార్జి పైపు, గుంటకు సొంత వెంట్ అన్నీ డయాగ్రమ్‌లో కనిపించాలి.

ఫ్లోర్ ప్లాన్

పావు అంగుళం అంటే ఒక అడుగు అనే స్కేలులో గది గీయండి. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు, దాని ముందు 21 అంగుళాల ఖాళీ చూపండి. షవర్ లోపలి కొలత 30×30 అంగుళాలకు తగ్గకూడదు. ఇక్కడ ఇంతకుమించి పని లేదు.

అసలు బొమ్మ: డ్రెయిన్, వెంట్

దీన్ని ఐసోమెట్రిక్ డయాగ్రమ్ లేదా రైజర్ డయాగ్రమ్ అంటారు. నిలువు పైపులను నిలువు గీతలుగా, నేల మీద సాగే పైపులను 30 డిగ్రీల వాలు గీతలుగా గీయాలి. ఐసోమెట్రిక్ గళ్ల కాగితం దొరుకుతుంది, దాని మీద పెన్సిలుతో గీస్తే కంప్యూటర్ అవసరమే ఉండదు. డ్రెయిన్‌కు నిండు గీత, వెంట్‌కు చుక్కల గీత వాడండి.

ఇంటి నుంచి బయటకు పోయే పెద్ద లైనుతో మొదలుపెట్టి వెనక్కి రండి. ముందు కమోడ్ కొమ్మ, తర్వాత షవర్, చివర వాష్‌బేసిన్. కమోడ్ లైను 3 అంగుళాలు, షవర్ లైను 2 అంగుళాలు వేసుకోవచ్చు. ప్రతి గీత పక్కనా సైజు, వాలు రాయాలి. 2 అంగుళాల పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. 3 అంగుళాల పైపుకు అడుగుకు ⅛ అంగుళం సరిపోతుంది. అంటే 12 అడుగులు నడిచిన 2 అంగుళాల పైపు 3 అంగుళాలు కిందికి దిగుతుంది. కాంక్రీటు పగలగొట్టే ముందే ఈ లెక్క చూసుకోండి.

ఇక గాలి సంగతి. నీరు పల్లమెరుగు అన్నారు, గాలికి మాత్రం మనమే దారి చూపించాలి. వెంట్ లేకపోతే పారే నీరు తన వెనుక ట్రాప్‌లో నిలిచిన నీటిని కూడా లాగేస్తుంది, ఆ ఖాళీలోంచి మురుగు వాయువు ఇంట్లోకి వస్తుంది. అలాగని మూడింటికీ మూడు వెంట్లు పెట్టనక్కరలేదు. వాష్‌బేసిన్ వెనుక గోడలో ఒక్క వెంట్ పైకి తీసుకెళ్లి, ఆ బేసిన్ డ్రెయిన్ ద్వారానే షవర్‌కు, కమోడ్‌కు గాలి అందేలా చేయవచ్చు. దీన్ని వెట్ వెంట్ అంటారు. అలా చేస్తే బేసిన్, షవర్ రెండింటి నీరూ కలిసి పారే పైపు 2 అంగుళాలు ఉండాలి. అంత లావు ఎందుకని అక్కడ 1½ అని రాసేస్తే అభ్యంతరం తప్పదు. పైకి వెళ్లే వెంట్‌కు మాత్రం 1½ చాలు, ఎందుకంటే వెంట్ తాను గాలినిచ్చే డ్రెయిన్ సైజులో (ఇక్కడ 3 అంగుళాల కమోడ్ లైను) సగానికి తగ్గకూడదు.

ఆ వెంట్ ఎక్కడ కలుస్తుందో తప్పక చూపండి. పై అంతస్తు సింకు డ్రెయిన్‌లో కలపడం ఎప్పుడూ కుదరదు. పై అంతస్తు వెంట్‌లోనే, అక్కడి సింకు అంచుకు కనీసం 6 అంగుళాల పైన కలవాలి. సింకు 36 అంగుళాల ఎత్తులో ఉంటే నేల నుంచి 42 అంగుళాలు అని రాయండి. ఈ ఒక్క కొలత లేక ఆగిపోయే దరఖాస్తులు ఉంటాయి. వెంట్‌కు బదులు గాలి లోపలికి మాత్రమే తీసుకునే వాల్వు పెట్టాలనుకుంటే ముందు అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు.

క్లీనౌట్లు, అంటే పైపు శుభ్రం చేయడానికి తెరిచే మూతలు, మరచిపోకండి. స్టాక్ (నిలువుగా దిగే పెద్ద మురుగు పైపు) అడుగున ఒకటి తప్పక గుర్తించండి.

యూనిట్ల లెక్క

మురుగు భారాన్ని డ్రెయినేజ్ ఫిక్స్చర్ యూనిట్లలో కొలుస్తారు. కమోడ్ 3, షవర్ 2, వాష్‌బేసిన్ 1. మూడూ కలిపి ఒకే బాత్రూమ్ అయితే మొత్తాన్ని 5గా లెక్కిస్తారు. 3 అంగుళాల అడ్డ కొమ్మ 20 యూనిట్ల వరకు మోస్తుంది కనుక ఇబ్బంది లేదు. ఈ చిన్న పట్టికను డయాగ్రమ్ మూలనే వేయండి.

నీళ్ల లైను డయాగ్రమ్ వేరే గీస్తే చాలు. ముప్పావు అంగుళం లైను నుంచి అర అంగుళం కొమ్మలు, వేడి నీళ్లకు ఎరుపు, చన్నీళ్లకు నీలం, ఒక్కో చోట మూసే వాల్వు.

ఇచ్చే ముందు, ఇచ్చిన తర్వాత

ఇంటి చిరునామా, కోడ్ పేరు, దాని సంవత్సరం, పైపు రకం రాయండి. పైపు రకం అంటే పీవీసీ షెడ్యూల్ 40 అని స్పష్టంగా ఉండాలి. ఉన్న పైపులు ఏవో, కొత్తవి ఏవో విడిగా తెలియాలి. అభ్యంతరాలు వస్తే మొత్తం మళ్లీ గీయకండి. మార్చిన చోట మేఘంలాంటి గీత చుట్టి, పక్కన తేదీ వేసి, ఒక్కో అభ్యంతరానికి ఒక్కో వాక్యంలో జవాబు జతచేయండి.

ఆమోదం ముద్ర పడిన ప్రతిని ఇంట్లో పని జరిగే చోటే ఉంచాలి. నేల కింద పైపులు వేశాక ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్షించేదాకా కాంక్రీటు పోయనివ్వకండి. కాంట్రాక్టరు తొందరపెట్టినా సరే, ముందు పోస్తే దాన్ని పగలగొట్టించే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఉంటుంది.